మూడో పద్యం

హైమవతికి వెయ్యి పద్యాలు నోటికి వచ్చు. అయినా అవధానం సాధనలో వరసగా మూడోసారి చతికిలపడింది. ప్రశ్నలడిగే నలుగురు పృచ్ఛకులకు వంతులవారీగా ఒక్కో పాదం చొప్పున పద్యాలు చెబుతుంది గానీ, చివర అన్నీ కలిపి ఒప్పజెప్పే ధారణ దగ్గర మూడో పద్యం గల్లంతవుతుంది. మొదటి పాదం పోతుందేమోనన్న భయంతో దాన్ని లోలోపల వల్లె వేస్తుంటే, తర్వాతివాళ్ల ప్రశ్న చెవిలోకే దిగేది కాదు.

"నాది మట్టిబుర్ర గురువుగారూ. ఆదివారం సభ మానుకుంటాను."

విశ్వపతిశర్మగారు లోపలికి వెళ్లి, రెండు గ్లాసుల నిండా మజ్జిగ తెచ్చి ఆమె రెండు చేతుల్లోనూ పెట్టారు. తర్వాత ఒక పుస్తకం చాచారు.

"అందుకో."

"చేతులు ఖాళీ లేవండీ."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. మోచేత్తో అందుకోబోయి చీర మీద మజ్జిగ ఒలకబోసుకుంది. చివరికి విసుగొచ్చి ఒక గ్లాసు కిటికీలో పెట్టి పుస్తకం తీసుకుంది.

"ఆ గ్లాసేదీ?" అన్నారాయన.

"కిటికీలో ఉందండీ."

"అంత ఠక్కున చెప్పావే. వల్లె వేసుకున్నావా?"

హైమవతి తల తిప్పి కిటికీలోని గ్లాసు కేసి చూసింది. ఆ పూట ఇక సాధన చేయలేదు.

ఆదివారం గ్రంథాలయం హాల్లో నిలబడడానికి చోటు లేదు. ఒక్కో పాదం చెప్పగానే హైమవతి అడిగినవారి ముఖం కేసి తేరిపార చూసి, ఇక దాని ఊసెత్తకుండా పక్కవారి వైపు తిరిగేది. మధ్యలో అప్రస్తుత ప్రసంగి, "అవధానిగారూ, మీ ఇంటి పిల్లి ఏకాదశి ఉపవాసం ఉంటుందా?" అని కవ్విస్తే హాయిగా నవ్వి, "ఎలుక దొరకని రోజు ఉంటుందండీ" అంది.

ధారణ మొదలైంది. రెండు పద్యాలు గడిచాయి. మూడోది అడిగింది నరాల డాక్టరు రంగనాయకులుగారు. హైమవతి ఒక్క క్షణం ఆగి ఆయన వైపు చూసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు. పద్యం మొదటి పాదం నుంచి చివరి అక్షరం దాకా ధారగా వచ్చేసింది. నాలుగోది చెప్పేసరికి హాలంతా లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పుల శర్మగారు మాత్రం కూర్చున్నచోటే "భళీ" అన్నారు. పన్నెండేళ్ల శుశ్రూషలో ఆ మాట ఆమె చెవిన పడడం అదే మొదలు. గర్వంతో ఒళ్లు పొంగిపోయింది.

డాక్టరుగారు దగ్గరికి వచ్చి తన నుదురు తట్టి చూపించారు.

"గుర్తుంచుకోవడంలో, మళ్లీ వెతికి తీయడంలో ఈ నుదుటి వెనక మెదడుకి చాలా పని ఉంటుందమ్మా. నీది ఇవాళ ఎంత బరువు మోసిందో."

"మోయలేదండీ" అంది హైమవతి. "మీ పద్యం మీ దగ్గరే ఉంచాను."