సంతకం లేని కాగితాలు

మాబున్నికి ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఇంటర్వ్యూ. పొద్దున తొమ్మిది కాకముందే ఉస్తాద్ ఇంటి గడప దగ్గర చెప్పులు విడిచింది. ఇంట్లో అమ్మ పెట్టిన ఉగ్గాని ముట్టకుండానే వచ్చింది.

ఉస్తాద్ ఖుద్దూస్ సాహెబ్ ఆదోనిలో ఒక చిన్న దర్గా వెనక సందులో ఉంటారు. సూఫీ పెద్దమనిషి. అరబ్బీ అక్షరాలు అందంగా రాయడం ఆయన విద్య. మసీదు గోడలకైనా సమాధి రాళ్లకైనా ఊళ్లోవాళ్లు ఆయన చేతే రాయించుకుంటారు. మాబున్ని దూదేకులవాళ్ల పిల్ల, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయనమ్మ పోయినప్పుడు ఆమె సమాధి రాయి మీద ఆయన రాసిన పేరు చూసి, నాకూ నేర్పమని వచ్చింది. అప్పటినుంచి మూడేళ్లుగా ప్రతి శుక్రవారం వస్తోంది.

"ఏమ్మా, బేస్తవారం నాడు వచ్చినావు?" అన్నారాయన, కలం చెక్కుకుంటూ.

ఆమె ప్లాస్టిక్ కవర్లోంచి డిగ్రీ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. పగలు పత్తి జిన్నింగ్ మిల్లులో బిల్లులు కొడుతూ, ఫీజు తక్కువని ఆన్‌లైన్‌లో చదివిన కంప్యూటర్ డిగ్రీ అది. దాన్ని పట్టుకుని ముప్ఫై కంపెనీలకు రాస్తే ఒక్కటే పిలిచింది.

"ఉస్తాద్, ఇది నిజంగా పనికొస్తాదా? ఇంట్లో కూర్చోని చదివిన చదువు. కాలేజీ మొగం చూసినదాన్ని కాదు. దీన్ని నమ్మి నాకు ఉద్యోగం ఇస్తారా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివారు. తర్వాత గోడ మీద పటం వైపు చూశారు. అది ఆయనకు ఆయన గురువు ఇచ్చిన ఇజాజత్. ఇకమీదట నువ్వు రాసినదాని కింద నీ పేరు పెట్టుకోవచ్చు అనే అనుమతి. అది దొరికేదాకా శిష్యులు ఎంత బాగా రాసినా సంతకం చేయకూడదు. మాబున్ని ఇంతవరకూ ఒక్క కాగితం మీదా సంతకం చేయలేదు.

"అది చూసి నన్ను మసీదు గుమ్మం దాకా రానిచ్చినారు," అన్నారు ఉస్తాద్. "లోపలికి పోయినాక దాన్ని ఎవురూ అడగలేదు. కలం చేతికిచ్చినారు."

"నా భయం అదే ఉస్తాద్."

ఇక దాచుకోలేక చెప్పేసింది. పోయిన వారమే ఆ కంపెనీవాళ్లతో లాప్‌టాప్‌లో ఒకసారి ఇంటర్వ్యూ అయింది. డిగ్రీ గురించి వాళ్లు ఒక్క మాట కూడా అనలేదు. ఖాళీ తెర ఒకటి చూపించి, ఒక చిన్న లెక్కకు ప్రోగ్రాం రాయమన్నారు. మూడేళ్లూ ఆమె చదివిన తీరు ఒకటే. పక్కన వీడియో నడుస్తుంటుంది. సారు ఒక లైను కొడతాడు. ఈమె వీడియో ఆపి, అదే లైను కొడుతుంది. మళ్లీ నడిపిస్తుంది. ఎప్పుడూ తప్పు పోలేదు. మార్కులూ బాగానే వచ్చాయి. ఆ రోజు పక్కన వీడియో లేదు. తెల్లటి తెర, అందులో మిణుకుమిణుకుమనే గీత, అంతే. చేతులు చల్లబడిపోయాయి. కాల్ కట్ చేసేసి, కరెంటు పోయిందని మెసేజ్ పెట్టింది.

"పాపం, నమ్మినారు. ఈ రోజు మళ్లీ పిలిచినారు. ఇది పోతే ఇంక పిలిచేవాళ్లే లేరు. మళ్లీ అట్లే అయితాదని భయంగా ఉంది."

ఉస్తాద్ చాప మీద పల్చటి కాగితం పరిచి, సిరాబుడ్డి జరిపి, కలం ఆమె చేతికిచ్చారు.

మాబున్ని అలవాటు కొద్దీ నమూనా కోసం చెయ్యి చాచింది. ఆయన నేర్పే పద్ధతిలో ముందు ఆయన రాసిన నమూనా ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం వేసుకుని, కింద కనపడే గీత వెంటే శిష్యులు కలం నడపాలి. నమూనా ఆయన పక్కనే ఉంది. ఆయన దాన్ని తీసి మోకాలి కింద పెట్టుకుని కూర్చున్నారు.

"రాయి."

"ఏం చూసి రాయాల ఉస్తాద్?"

"మీ నాయనమ్మ పేరు."

ఖాసింబీ. ఆ సమాధి రాయిని ఎన్నిసార్లు తడిమిందో ఆమెకే తెలుసు. అయినా కలం కాగితానికి ఒక వేలెడు ఎత్తులో ఆగిపోయింది. వీధిలో ఉల్లిగడ్డల బండివాడు అరుచుకుంటూ వెళ్లిపోయాడు. ఉస్తాద్ మోకాలి కింది నమూనా బయటికి తీయలేదు.

చివరికి కలం ఆనించింది. మొదటి అక్షరం వణికింది. సీన్ అనే అక్షరానికి ఉండే మూడు పళ్లలో చివరిది పెద్దదై పక్కకు ఒరిగింది. ఒకచోట సిరా మరక పడింది. పేరు పూర్తయ్యేసరికి ఆమె జాకెట్టు వీపంతా తడిసింది.

ఆయన ఎర్ర సిరా తీసి తప్పులు దిద్దుతారని చూసింది. ఎర్ర సిరాబుడ్డి మూత తీయలేదాయన. లేచి, అలమారలోంచి ఒక కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టారు. మూడేళ్లలో ఆమె రాసిన కాగితాలు. ఒక్కొక్కటీ తీర్చిదిద్దినట్టు ఉన్నాయి.

"ఇవి బాగుండాయి," అన్నారు. తర్వాత తడి ఆరని కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశారు. "దీని కింద నీ పేరు రాయి."

మాబున్ని తలెత్తి చూసింది. "దీని మీదనా ఉస్తాద్? ఇంత వంకరగా ఉంటే?"

"అవన్నీ నావి బేటీ."

మూడింటికి లాప్‌టాప్ ముందు కూర్చుంది. చేతులు అప్పటిలాగే చల్లగా ఉన్నాయి. పక్కన ఏ వీడియో తెరవలేదు. ఆ కాగితం మాత్రం ఒళ్లో ఉంది.

అవతల కూర్చున్నావిడ నవ్వుతూ పలకరించింది. "ఈ రోజు కరెంటు ఉంది కదా? పోయినసారి మధ్యలో పోయిందన్నారు."

"పోలేదు మేడమ్. భయమేసి నేనే కట్ చేసినాను."

ఆవిడ కీబోర్డు మీద ఏదో కొట్టింది. తర్వాత ఖాళీ తెర వచ్చింది. మాబున్ని మొదటి అక్షరం కొట్టింది.