డిప్ప కింద జలగలు

ఆ మోటబావిలో పాత తాబేలు చచ్చిపోయాక నీళ్ళు మురిగాయి. రాలిన ఆకునీ కుళ్ళిన పురుగునీ తిని నీటిని తేటగా ఉంచేది అదే మరి. చేపలు పైకొచ్చి ఊపిరికి నోళ్ళు తెరుస్తుంటే, రైతు పొరుగూరి బావినుంచి డిప్పమ్మ అనే పడుచు తాబేలుని తెచ్చి వదిలాడు.

వదిలాడు సరే, ఆ బావికి కాపలా ఎండ్రకాయలది. పరాయి వాసన తగిలితే ముందు కత్తిరించడం, తర్వాత ఊరూ పేరూ అడగడం వాటి ఆచారం. అందుకే బావికి పెద్దదిక్కయిన బోదురవ్వ అనే బోదురుకప్ప ఎండ్రకాయలన్నిటినీ పిలిచి, కత్తెరల్లాంటి వాటి డెక్కల్ని నాచు పోగులతో కట్టేసింది.

"కాపలావాడి చేతులే కడతావా అవ్వా?" అని గొణిగాడు ఎండ్రకాయల పెద్ద గండ్రమామ.

"కట్టకపోతే కొత్తకోడల్ని కూరముక్కలు చేస్తావు. మురుగు నువ్వు తింటావా మరి?"

గండ్రమామ కట్లతోనే కాపలాకి పోయాడు.

డిప్పమ్మ పనిలో దిగింది. నీళ్ళు తేటపడ్డాయి. అయినా ఆమెకి కంటిమీద కునుకు లేదు. గండ్రమామ పక్కనుంచి పోతే చాలు, తల లోపలికి పోయేది. ఆ పోగు గట్టిదేనా? తెగితే?

ఆ భయాన్ని రాతిసందులోంచి ఒక ముసలి జలగ కనిపెట్టింది. ఎన్నాళ్ళుగానో అక్కడే ఉంది. డెక్కలకి జడిసి కిక్కురుమనలేదు. ఇప్పుడు డెక్కలకి కట్లు పడ్డాయి. మెల్లగా జారి వచ్చి డిప్పమ్మ వెనకకాలి సందున, డిప్ప కింద, అతుక్కుంది.

"అమ్మో! ఎవరది?"

"అరవకు పిల్లా. నేను అత్తలాంటిదాన్ని."

"ఒంట్లో రక్తం తాగే అత్తా?"

"తాగనీవే. నువ్వు అరిచావనుకో, బోదురవ్వ కట్లు విప్పుతుంది. విప్పితే వాళ్ళు ముందు ఎవరిని కోస్తారు? సందులో పుట్టిన నన్నా, నిన్నగాక మొన్నొచ్చిన నిన్నా?"

డిప్పమ్మ అరవకుండా డిప్పలోకి ముడుచుకుంది. జలగ పిల్లల్ని పెట్టింది. ఆ పిల్లలు మెడదాకా పాకాయి. డిప్పమ్మ కాళ్ళు ఈడ్చుకుంటోంది, తిండి సయించడంలేదు. నీటిమీద మళ్ళీ తెట్టు కట్టింది.

"కోడలు బద్ధకస్తురాలు," అంది ఒక చేప.

"పరాయిది పరాయిదే," అన్నాడు గండ్రమామ.

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అంటారు. డిప్పమ్మకి చెప్పినా ప్రాణమే పోయేలా ఉంది. ఊరికే "జలగ" అంటే నమ్ముతారా? జలగని చూసిన ఎండ్రకాయ ఒక్కటైనా ఉందా? కానీ తెట్టు కింద చేపపిల్ల ఒకటి వెల్లకిలా తేలడం చూసేసరికి ఆమె ఇక ఆగలేకపోయింది. తను పోతే బావీ పోతుంది.

మెడమీద పాకుతున్న జలగపిల్లని నోట కరుచుకుంది. గండ్రమామ ముందుకి వెళ్ళి, ఇన్నాళ్ళూ దాచుకున్న మెడని పూర్తిగా బయటికి చాచింది.

"ఏంటే, పొగరా?" అంటూ గండ్రమామ దగ్గరికొచ్చాడు. జలగపిల్లని మీసాలతో తడిమాడు. మళ్ళీ తడిమాడు. "అవ్వా! ఇది తాబేలు వాసన కాదు. ఇది వేరే సరుకు!"

బోదురవ్వ డిప్ప కిందకి తొంగిచూసి గుండె బాదుకుంది. "విప్పుతాను. కానీ ఒక్కో డెక్కే. రెండూ విప్పితే మీకు ఒళ్ళు తెలీదు. ఆ వాసన పట్టండి, దాన్నే కొయ్యండి."

డిప్పమ్మ కళ్ళు మూసుకుంది. డిప్ప కిందకి ఒంటిడెక్క ఎండ్రకాయలు దూరాయి. టక్, టక్. తోక దగ్గర తన తోలూ ఒకచోట గీసుకుపోయింది. అయినా మెడ వెనక్కి తియ్యలేదు.

చివరికి ముసలి జలగని డెక్కన పట్టి బయటికి లాగాడు గండ్రమామ.

"ఆ తాబేలునీ కొయ్యి! అదీ పరాయిదే కదా!" అని గింజుకుంది జలగ.

"పరాయిదే. కానీ దొంగని చూపించింది ఆ పరాయిదే," అని టక్కున తుంచాడు. డెక్క చాపి, బోదురవ్వని తనే పిలిచాడు: "కట్టు అవ్వా. అలవాటు చెడ్డది, మళ్ళీ చెయ్యి జారుతుందేమో."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. కానీ కాటు తిన్నవాళ్ళే ఎదురొచ్చి చూపిస్తే ఒంటిచేతి కాపలా అయినా పడుతుంది.