నెమలిబోడు మీది స్టీలు డబ్బా

"ఒక వస్తువును దాచామనుకోండి. ఎవరికీ దొరక్కూడదని దాస్తామా, ఎవరికైనా దొరకాలని దాస్తామా?"

వకుళమ్మ టీచరు బడి వదిలి చాలా ఏళ్లయినా ఈ అలవాటు మాత్రం ఆవిడను వదల్లేదు. ఎవరేమడిగినా తిన్నగా జవాబు చెప్పరు. ముందొక ఎదురు ప్రశ్న వేస్తారు, తరువాత ఎక్కడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటారు. ఆ సాయంత్రం అసలు ప్రశ్న అడిగింది మునిలక్ష్మి. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు తనూ పంతులమ్మ. తమ్ముడు చలపతి పోయి ఏడాది దాటింది. అతని మృదంగం ఈమె గదిలో పట్టుబట్ట చుట్టుకుని ఓ మూల నిలబడి ఉంది. చలపతి దగ్గర నేర్చుకున్న పిల్లలు కచేరీ పెట్టుకున్నామని, ఆ మృదంగం ఇప్పించమని వచ్చి అడిగారు. ఈమె తలుపు ఓరగా తీసి మాట్లాడి, వట్టి చేతులతో పంపేసింది.

"పోయినవాళ్ల వస్తువును మన దగ్గర భద్రంగా పెట్టుకోవడం తప్పా టీచర్?" అని అడిగింది.

టీచరు ఆ మాట విననట్టే అరుగు మీద కూర్చున్న మనవల వైపు తిరిగి, పైన చెప్పిన ప్రశ్న వేశారు.

"దొరక్కూడదనే! లేకపోతే దాచడం ఎందుకవ్వా?" అన్నాడు పెద్దవాడు.

"నీ మొహం! దాగుడుమూతల్లో నన్ను వెతక్కుండా నువ్వు ఇంటికొచ్చేస్తే ఎంత ఏడ్చాన్నేను?" అంది చిన్నది.

"ఇద్దరికీ చెరి సగం మార్కులు," అని టీచరు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పిన సంగతి ఇది.

గురవయ్య మదనపల్లె వైపు బస్సుల్లో కండక్టరుగా పనిచేసి దిగినవాడు. భార్య ముందే పోయింది. మిగిలింది ఒక్కగానొక్క కూతురు హిమజ. ఆ పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, స్నేహితులతో కలిసి ఒక ఆట మరిగింది. ఎక్కడో ఒక డబ్బాను దాచి, అది ఉన్న చోటు ఆనవాళ్లు ఇంటర్నెట్‌లో పెడతారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోను చూసుకుంటూ వెతుక్కుంటూ వస్తారు. డబ్బాలోని చిన్నాచితకా వస్తువుల్లో ఒకటి తీసుకోవచ్చు, తీసుకుంటే బదులుగా తమది ఒకటి అందులో పెట్టాలి. డబ్బాను మాత్రం ఉన్నచోటే వదిలి రావాలి. దొరికిందని దాచినవాళ్లకు ఒక మాట రాస్తే ఆట పూర్తయినట్టు.

ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు హిమజ అటక మీద నుంచి తన చిన్ననాటి టిఫిను డబ్బా దింపింది. బడికి పెరుగన్నం మోసిన డబ్బా అది. మూత మీద పాత్రల కొట్టువాడు చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు చెరగలేదు: చి. హిమజ. దాన్ని నెమలిబోడు శిఖరాన దాస్తానని బయలుదేరింది. గురవయ్య కొండ కిందున్న టీ బంకు దాకా తోడెళ్లాడు.

"పైకి రా నాన్నా. అక్కణ్నుంచి మన ఊరు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది."

"అంత పైన స్టాపు లేదే తల్లీ. నా మోకాళ్లు ఒప్పుకోవు. నువ్వు పోయిరా, నేనిక్కడే ఉంటా."

పొద్దు వాలేవేళకు ఆ పిల్ల మోచేయి గీరుకుపోయి, నవ్వుకుంటూ దిగింది. "ఎంతటివాడైనా సరే, నా డబ్బా కోసం కాసేపు తల గోక్కోవాల్సిందే" అంది. ఆ తరువాతి వానాకాలంలో జ్వరం వచ్చి, నాలుగు రోజులు తిరక్కుండానే చేతిలోంచి జారిపోయింది.

ఆమె ఫోను తండ్రి దగ్గర మిగిలింది. అప్పుడప్పుడు టింగుమని మోగేది. "హిమజ గారూ, భలే చోట దాచారండీ, చెమటలు పట్టించారు." "హిమజక్కా, దారిలో ఉడుము అడ్డమొచ్చినా వదల్లేదు, పట్టేశా." రాసేవాళ్లకు సంగతి తెలియదు కదా. గురవయ్య చదివి, కళ్లు తుడుచుకుని, ఫోనును మళ్లీ చార్జింగుకు పెట్టేవాడు. ఇలా ఉండగా ఒకరోజు ఇంకో మాట వచ్చింది. "మీ నీలం గాజు తీసుకున్నాను. బదులు బొంగరం పెట్టాను."

దాంతో ఆయన ప్రాణం చివుక్కుమంది. బిడ్డ చేతికి వేసుకున్న గాజు ఎవడి జేబులోకో పోయింది! ఉన్నవైనా దక్కించుకోవాలనుకున్నాడు. ఎక్కనన్న కొండను, కూర్చుంటూ లేస్తూ, ఆ ఫోను చూపించిన దారినే ఎక్కాడు. ఫోను శిఖరం దాకా తెచ్చి అక్కడ చేతులెత్తేసింది. బండల సందుల్లో చేతులు పెట్టి వెతికి వెతికి, చివరికి చిన్న రాయి మూసిన ఒక నెర్రెలో డబ్బాను పట్టుకున్నాడు. మూత మీద పేరు వేలితో తడుముకుని, ఆత్రంగా తెరిచాడు. బొంగరం ఉంది. తాళంచెవుల గొలుసు, నెమలీక, ఎవరిదో చొక్కా గుండీ ఉన్నాయి. బిడ్డది ఒక్కటీ లేదు.

డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో. ఇంతలో కింది నుంచి మాటలు వినిపించాయి. గబుక్కున దాన్ని తువ్వాలు కింద కప్పేశాడు. భార్యాభర్తలిద్దరు రొప్పుకుంటూ పైకొచ్చారు.

"పెద్దాయనా, ఇక్కడ స్టీలు డబ్బా ఏమన్నా కనపడిందా?"

"లేదు నాయనా. గాలికి కూర్చున్నా."

వాళ్లు బండబండకూ వంగి చూశారు. మొగుడు నెర్రెలో చెయ్యి పెట్టి, "ఇక్కడే ఉండాలే" అన్నాడు. "నీకు కళ్లద్దాలు మార్చాలి" అంది పెళ్లాం. ఎంతకీ దొరక్క అలిసిపోయి, ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వేసింది. "ఈ హిమజ ఎవరో గానీ మహా గడుసు పిల్ల! ఎక్కడో కూర్చుని ఇప్పుడు మనల్ని చూసి నవ్వుకుంటూ ఉంటుంది."

గురవయ్య తువ్వాలు తీసేద్దామని చెయ్యి కదిపాడు కూడా. కానీ తీయలేదు. వాళ్లు వట్టిచేతులతో దిగిపోయారు.

డబ్బా ఇంటికొచ్చింది. తోమి, తుడిచి, దండ వేసిన ఫొటో పక్కన అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఇక ఎవరూ ముట్టుకోలేరని కాస్త నెమ్మది కూడా కలిగింది.

ఫోను మోగుతూనే ఉంది. "హిమజ గారూ, మీ డబ్బా కనపడలేదు. వీలు చూసుకుని ఒకసారి చూస్తారా?" "అక్కా, అంత దూరం నుంచి వచ్చాం, నిరాశగా పోతున్నాం." చివరికి ఆట నడిపేవాళ్లే రాశారు. డబ్బా ఉందో లేదో చెప్పండి, చెప్పకపోతే దీన్ని మూసేస్తామని. కూతురి పేరుతో ఏమని జవాబు రాస్తాడాయన? రాయలేదు. వాళ్లు మూసేశారు. ఆ తరువాత ఫోను మోగలేదు.

ఒకటి రెండు రోజులు ఆయనకు ఏం తక్కువైందో తెలియలేదు. ఆ పిల్లను ఏకవచనంలోనో బహువచనంలోనో పలకరించి, మెచ్చుకుని, విసుక్కుని, ఆమె నవ్వుతోందనుకునేవాళ్లు లోకంలో ఇక ఎవరూ లేరని ఆయనకు అప్పుడు తెలిసింది. బెంగళూరులోని ఆమె స్నేహితురాలికి ఫోను చేశాడు.

"డబ్బా మళ్లీ పెట్టేస్తానమ్మా, ఉన్నచోటే పెడతా. తెరిపించు."

అవతల ఆ అమ్మాయి ఆట నడిపేవాళ్లకు రాసి చూసింది. కుదరదన్నారట. "కొత్తగా పెట్టుకోవచ్చు అంకుల్. కానీ మీ పేరు మీద పెట్టాలి. హిమజ పేరు మీద ఇక రాదు."

అయినా ఆయన డబ్బాను తువ్వాల్లో చుట్టుకుని కొండెక్కి, అదే నెర్రెలో పెట్టి, అదే రాయి మూసి వచ్చాడు. ఇప్పటికీ మోకాళ్లు సహకరించిన రోజున పైకెక్కి, కాస్త దూరంగా కూర్చుంటాడట. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని. మేకలు తోలుకునేవాళ్లు వస్తారు, మాట్లాడిస్తారు, పోతారు.

టీచరు చెప్పడం ఆపారు. చిన్నది అవ్వ మోకాలికి ఆనుకుని కూర్చుంది. మునిలక్ష్మి మెల్లగా అంది.

"పాపం, ఆయన తెచ్చుకున్నది ప్రేమతోనే కదా టీచర్?"

"ప్రేమతోనేనమ్మా. అందుకే తప్పు అని ఆయనకు తోచలేదు" అని, టీచరు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, సగం గింజలు తీసి వదిలేసిన చింతపండు దగ్గరికి పెరట్లోకి వెళ్లిపోయారు.