మొక్కు కాదు, జబ్బు

బోధగిరి స్వామివారికి ఒక అలవాటు ఉంది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని తేలికగా ఉందని సంబరపడ్డ శిష్యుడు మాత్రం మఠంలో ఇంతవరకు సుఖపడింది లేదు.

ఆ సంగతి తెలిసి కూడా సోమశేఖరం అడిగాడు. అడిగే కారణం ఉంది. మఠానికి పూలిచ్చే వకుళ ఆ ఉదయం స్వామివారి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి వెళ్లింది. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికూతుళ్లకు పూలజడ వేయాలంటే ఆవిడే వేయాలి. అలాంటి మనిషికి పేనుకొరుకుడు పట్టుకుంది. మొదట రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడింది, ఏడాది తిరిగేసరికి తలంతా పోయింది, కనుబొమలు కూడా మిగల్లేదు. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు. వినేదెవరు? పిలుపులు తగ్గిపోయాయి. వకుళ ఇంట్లో అద్దం గోడవైపు తిప్పేసింది, బస్సెక్కడం మానేసింది, అయినవాళ్ల శుభకార్యాలకు కూడా జ్వరమని కబురు పంపేది.

“స్వామీ, జుట్టు పోతే ఏం పోయిందని ఇంత ఏడుపు? నేను నెలనెలా గుండు చేయించుకుంటున్నాను. ఒక్కనాడైనా బాధపడ్డానా? ఇది దేహాభిమానం కాదా?” అన్నాడు సోమశేఖరం.

“రేపు ఆవిడకు ఒక పెళ్లింట్లో జడ వేసే పని ఉంది. పూలబుట్ట నువ్వు మోసుకెళ్లు. కాషాయం విప్పి పంచె, చొక్కా వేసుకో. నీ గుండు గురించి ఎవరేమన్నా బదులు చెప్పకు” అన్నారు స్వామివారు.

ఇదీ ఒక పనేనా అనుకున్నాడు శిష్యుడు.

పెళ్లింటి గుమ్మంలోనే తెలిసొచ్చింది. తల నిండా కొంగు కప్పుకున్న వకుళ ముందు, బోడితలతో బుట్ట ఎత్తుకుని అతను వెనక. కాఫీలు అందిస్తున్న కుర్రాడు అతని దగ్గరికి వచ్చి, చూసి, పక్కకు తిరిగిపోయాడు. ఒక పెద్దాయన పనిగట్టుకుని వచ్చి గురివింద గింజ అరగదీసి పట్టించమని సలహా ఇచ్చాడు. ఇంకొకాయన ఉల్లిపాయ రసం అన్నాడు. ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. సోమశేఖరం పళ్లు బిగించి ఊరుకున్నాడు. చివరికి పెళ్లికూతురి పిన్ని ఎదురొచ్చి నిలబడింది.

“ఇదేంటమ్మా వకుళా, మీ తమ్ముడికి కూడా అంటించేశావా?”

అంతే, అతనికి ఎక్కడలేని రోషం వచ్చింది. “నాది జబ్బు కాదండీ! నేను మఠంలో ఉంటాను. ఇది దీక్ష!” అని అరిచాడు.

ఇల్లంతా ఒక్కసారి మారిపోయింది. పిన్నిగారు లెంపలు వేసుకుంది. కుర్చీ వచ్చింది, వెండి గ్లాసులో కాఫీ వచ్చింది, ఇందాకటి పెద్దాయన వంగి పాదాలకు దండం పెట్టాడు. ఆ ఊపులోనే పిన్నిగారు మెత్తబడి వకుళ వైపు తిరిగింది.

“అయితే నీది కూడా తిరుపతి మొక్కేనేమో! లోకం ఏవేవో కూస్తుంది. అవునను తల్లీ, లోపలికి వచ్చి జడ వేద్దువుగాని.”

ఒక్క అవును చాలు. ఆ రోజు పని నిలుస్తుంది, ఊళ్లో నోళ్లు మూతపడతాయి. వకుళ కొంగు లాగి భుజాన వేసుకుంది. నున్నటి తల అందరి ముందూ బయటపడింది.

“కాదండీ. మొక్కు కాదు, జబ్బు. ఏ దేవుడూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు. జడ వేసేవి నా చేతులు. అక్కర్లేదంటే చెప్పండి, నా పూలు తీసుకుని నేను పోతాను.”

పిన్నిగారు నోరు తెరిచేలోగా లోపలి నుంచి పెళ్లికూతురే వచ్చింది. “ముహూర్తం దాటిపోతోంది, రా అక్కా” అని వకుళకు వీపు చూపించి పీట మీద కూర్చుంది. జడ వేయడం అయ్యింది. మెచ్చుకోవలసిన వాళ్లు మెచ్చుకోలేదు.

భోజనాల దగ్గర వకుళ కొంగు కప్పుకోలేదు. మొదటి పంక్తిలో నడిమధ్యన కూర్చుంది. అటు రెండు ఆకులు, ఇటు రెండు ఆకులు ఖాళీగా ఉండిపోయాయి. కళ్లు ఎర్రబడ్డాయి గానీ లేవలేదు. “పులిహోర ఇంకోసారి ఇటు తెండి!” అని పందిరంతా వినబడేలా కేకేసింది. పురోహితుడి పక్కన పెద్దపీట మీద కూర్చున్న సోమశేఖరానికి లేచి వెళ్లి ఆ ఖాళీ ఆకు ముందు కూర్చోవాలని ఉంది. కానీ పీట దిగలేదు.

సాయంత్రం స్వామివారి దగ్గర తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు. చివర్లో మాత్రం ఉండబట్టలేక, “మీ మాట తప్పాను గానీ స్వామీ, నేను అబద్ధమైతే ఆడలేదు. నిజమే చెప్పాను” అన్నాడు.

“అవును నాయనా, నువ్వు నిజం చెప్పి బయటపడ్డావు” అన్నారు స్వామివారు. “ఆవిడ కూడా నిజమే చెప్పింది.”