బుల్లెమ్మ ఎంచిన ఎర

గోదారి పాయ సముద్రంలో కలిసేచోట, మడచెట్ల నడుమ ఓ మలుపు ఉంది. అక్కడ నీళ్ల మీదికి ఒరిగిన దుంగ మీద బుల్లెమ్మ అనే కొంగ కాపురం. పొట్టి కాళ్లు, పొట్టి మెడ, ఈదడం అసలే రాదు. అయినా ఆ పాయలో ఆమెలా చేపలు పట్టేవాళ్లు లేరు. ఏ ఈకముక్కో, చచ్చిన పురుగో ముక్కున కరుచుకొచ్చి నీళ్ల మీద వదిలేది. దానికోసం పైకొచ్చిన చేపను టక్కున పట్టేది. అంత చిన్న తలకాయలో అంత పనితనం ఎలా పట్టిందా అని చూసినవాళ్లంతా ముచ్చటపడేవాళ్లు.

జోగినాథం అనే నక్క మాత్రం కుళ్లుకునేవాడు.

"అక్కా, రోజుకో రకం ఎర వేస్తావు. అందులో మందేదో ఉందిలే. నాకూ చెప్పకూడదా?" అన్నాడొకనాడు.

"మందా నా మొహమా! ఆ పూట చేపలు దేని వెంట పడుతున్నాయో చూస్తాను తమ్ముడూ. అలాంటిదే, అంతదే వేస్తాను. నా నీడ నీళ్ల మీద పడకుండా నిలబడతాను."

"అంతేనా?"

"చెప్పడానికి అంతే. చూడ్డం నేర్చుకోవడానికి నాకు మూడు వానాకాలాలు పట్టింది."

జోగినాథం నమ్మలేదు. అసలు సంగతి దాచి, పైపై కబుర్లు చెబుతోందనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మ పైకొమ్మ మీది గూటిలో పిల్లలకు మేత పెడుతుంటే, దుంగ తొర్రలో ఆమె దాచుకున్న ఎరలన్నీ ఊడ్చుకుపోయాడు. ఆపైన తిన్నగా గూడబాతు సోమన్న దగ్గరికి వెళ్లాడు. ఆ పాయలో తగవులు తీర్చేది ఆయనే.

"ఆ దుంగ ఆవిడ సొత్తేం కాదు కదండీ. పోటు తిరిగేలోగా మాగ చేపను ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లదే దుంగ. న్యాయమేనాండీ?"

సోమన్న ఆలోచించి, న్యాయమేనన్నాడు.

ఆ మాట బుల్లెమ్మ చెవిన పడింది. గూటిలో ఇద్దరు పిల్లలు, ఇంకా రెక్కలు రాలేదు. దుంగ పోతే మేతకోసం ఎంతెంత దూరమో తిరగాలి, అందాకా వాళ్లు బతకరు. తొర్రలో చూస్తే ఈకముక్క కూడా లేదు. ఎవరి పనో ఆమెకు తెలిసిపోయింది. అప్పుడు పోట్లాడితే పొద్దు పోతుందని దుంగ దగ్గరికి నడిచింది. నీళ్లు ఎటు పోతున్నాయో చూసి, "చోటు ముందు నువ్వే ఎంచుకో తమ్ముడూ," అంది.

జోగినాథం సముద్రం వైపున్న దుంగ చివర దర్జాగా కూర్చున్నాడు. వీపున ఎండ, ఎదుట నీళ్ల మీద బారెడు నీడ. బుల్లెమ్మ పోటు వెళ్లేవైపు, వాడికి దిగువన, మడకొమ్మల చాటున నిలబడింది.

పోటుతో బుల్లి రొయ్యలు గుంపుగా వచ్చాయి. గోరంత పొడవు, గాజులా తెల్లగా ఉన్నాయి. వాటి వెనకాలే మాగలు. జోగినాథం తనకు బాగా నచ్చిన ఎర్ర తూనీగను విసిరాడు. నీడ కదలగానే మాగలు చెదిరి దిగువకు పోయాయి. బొద్దు సీతాకోకను విసిరాడు. ఒక్కటీ రాలేదు. చిరాకెత్తి దొంగిలించిన సరుకంతా ఒక్కసారే కుమ్మరించాడు.

అదంతా పోటుతో తేలుతూ బుల్లెమ్మ ముందుకొచ్చింది. ఎర్ర తూనీగ వచ్చింది, పోనిచ్చింది. సీతాకోక వచ్చింది, దాన్నీ పోనిచ్చింది. ఆకలేసి పైనుంచి పిల్లలు అరుస్తున్నా తల తిప్పలేదు. ఆఖర్న గోరంత తెల్ల ఈకముక్క వచ్చింది. ముక్కుతో అందుకుని, తడిపి, రొయ్య కదిలినట్టే మెల్లగా వదిలింది. పోతుంటే వెనక్కి లాగి మళ్లీ వదిలింది. మూడోసారికి నీళ్లు ఎగజిమ్మాయి. ఆమె ముక్కున జానెడు మాగ గిలగిల్లాడింది.

"ఎన్ని వలలు చూశానమ్మా, ఎన్ని గాలాలు చూశాను. ఇంత ఓర్పు చూడలేదు," అన్నాడు ఒడ్డునుంచి చూస్తున్న సోమన్న.

"అది నేను వేసిన ఎరండీ," అని జోగినాథం గింజుకున్నాడు.

"నీకెక్కడిదిరా అది?" అన్నాడు సోమన్న. నక్క చూపు దుంగ తొర్ర మీదికి పోయింది. దుంగ బుల్లెమ్మదేనని సోమన్న అందరికీ వినపడేలా చెప్పాడు.

పిల్లలకు చెరో ముక్కా పెట్టి బుల్లెమ్మ దిగివచ్చేసరికి జోగినాథం ఇంకా అక్కడే ఉన్నాడు. అవమానం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది వాడి మొహంలో.

"అన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఆ చిన్నముక్కనే ఎలా ఎంచావక్కా?"

"నువ్వు ఎరల్లో వెతికావు తమ్ముడూ. నేను నీళ్లలో వెతికాను."

నీతి: పనివాడి సరంజామా ఎత్తుకుపోవచ్చు గాని, పనివాడి చూపు ఎత్తుకుపోలేం.