తల వంచిన గోధుమ

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో బుట్టలల్లేవాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో ముత్యాలు అనే పిల్ల ఉండేది. అచ్చం నీలాగే, పడుకోమంటే పడుకునేది కాదు.

ముత్యాలుకి రెండు కుందేళ్ళు. బూడిదరంగుది మబ్బు. గోధుమరంగుది గోధుమ. మబ్బు ఇంత లావు, గోధుమ పిడికెడంత. రెండూ ఒకే వెదురుబుట్టలో ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునేవి. వెన్నెల పడితే ఏది చెవో, ఏది నీడో తెలిసేది కాదు.

కానీ ఆ గోధుమ ఉందే, అది గడుగ్గాయి. ముందు గడ్డి దగ్గర మబ్బుని తరిమేది. ఆ తర్వాత మెత్తటి మూల తనే ఆక్రమించేది. ఆ తర్వాత మబ్బు వీపు మీదికి ఎక్కేది. అంతా అయ్యాక గోధుమే మబ్బు ఎదుటికొచ్చి తల నేలకి ఆనించేది, మబ్బు దాని తల నాకేది. పాపం, గోధుమ తప్పు ఒప్పుకుంటోంది అనుకునేది ముత్యాలు. తెల్లారితే మళ్ళీ అదే తరమడం.

అప్పుడు ముత్యాలుకి ఒళ్ళు మండింది. దణ్ణం పెట్టి మళ్ళీ అదే పనా అని, గోధుమని తీసుకెళ్ళి పెరటివైపు వేరే బుట్టలో పెట్టేసింది. ఇక మబ్బు హాయిగా ఉంటుందనుకుంది.

మబ్బు హాయిగా లేదమ్మా. క్యారెట్ పెడితే మొహం తిప్పుకుంది. కొత్తిమీర పెడితే వాసన కూడా చూడలేదు. పచ్చగడ్డి పెడితే అది అలాగే వాడిపోయింది. తిండి మానేస్తే కుందేలు బతకదు. ముత్యాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒకటే ఏడుపు.

అప్పుడు వాళ్ళమ్మ, తర్వాత ఏడుద్దువుగాని, ముందు నా తలకి నూనె రాయమంది. కూతురి ముందు కింద కూచుని తల వంచింది. "ఇంకొంచెం పైన. ఆ, అక్కడే. గట్టిగా రుద్దవే."

ముత్యాలు చెయ్యి ఆగిపోయింది. తల వంచిందీ అమ్మే, పని చెప్తున్నదీ అమ్మే.

"అమ్మా, గోధుమ దణ్ణం పెట్టడం లేదే. తల నాకమని మబ్బుకి చెప్తోంది."

ఎప్పుడైనా బొచ్చు పీకిందా, రక్తం వచ్చేలా కరిచిందా అని అడిగింది అమ్మ. లేదంది ముత్యాలు.

"మరి పిడికెడంత ఉన్నా ఆ బుట్టకి పెద్ద గోధుమే. మబ్బుకి లేని బాధ నీకెందుకే?"

ముత్యాలు పరుగున వెళ్ళి గోధుమని తెచ్చి వదిలింది. అది ముందు మబ్బుని ఒక చుట్టు తరిమింది. ఆ తర్వాత మెత్తటి మూలకి చేరింది. ఆ తర్వాత తల నేలకి ఆనించింది. మబ్బు మెల్లగా దగ్గరికి జరిగింది. దాని నుదురు నాకింది, కళ్ళు నాకింది, చెవులు నాకింది. అంతా అయ్యాక పక్కనున్న గడ్డిపరక నోట పెట్టుకుంది. కరకర, కరకర. ఆ చప్పుడు వినేసరికి ముత్యాలుకి ప్రాణం లేచొచ్చింది. అలా వింటూ వింటూనే బుట్ట పక్కన నిద్రపోయింది.

ఏదీ, ఇప్పుడు నా తల కాస్త నిమురు. ఇంకొంచెం పైన. ఏమే, నిద్రపోయావా? సరేలే, ఈ పూటకి నువ్వే పెద్దదానివి, నేనే నిమురుతా.

గుప్పెడు గడ్డి మబ్బు నోటికి,
గంపెడు వెన్నెల గోధుమ ఒంటికి,
కమ్మని కునుకు మా చిట్టి కంటికి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.