మూడో కూత మింగే బజర్

కడియపులంకలో వీరభద్రం అనే ఒక మంచివాడు ఉండేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు, ఎవరినీ అడక్కుండా మేలు చేసెయ్యడం.

మేలు చేస్తే తప్పేంటి అంటారా? ఆగండి మరి. ఒకసారి ఆయన భార్య తాయారు పుట్టింటికి వెళ్లింది. ఆవిడ అట్ల పెనం ఏళ్ల తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. వీరభద్రం దాన్ని చూసి, "పాపం, తోముకోవడానికి తీరిక లేనట్టుంది" అనుకున్నాడు. ఇటుక పొడి వేసి, కొబ్బరి పీచు పెట్టి, చెమటలు కారేలా తోమాడు. పెనం తళతళలాడింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో ఒక్క అట్టు కూడా అట్టులా ఊడి రాలేదు. అన్నీ ముక్కలే.

"నన్నొక్క మాట అడగొచ్చు కదండీ?" అంది తాయారు.

"అడిగితే వద్దంటావుగా!" అన్నాడు వీరభద్రం.

ఎవరు ఏమన్నా ఆయన దగ్గర ఇదే జవాబు. మనిషి బంగారం. చెయ్యే ఊరుకోదు.

తాయారు ఊరవతల ఒక మొక్కల నర్సరీలో పని చేసేది. రోజూ స్కూటర్ మీద వెళ్లి, పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చేది. వచ్చేటప్పుడు కాళ్ల దగ్గర మొక్కల సంచి ఒకటి తప్పకుండా ఉండేది. ఇంటి గేటు ముందు గచ్చు బాగా ఏటవాలు. అక్కడ బండి ఆపితే వెనక్కి జారిపోతుంది. అందుకని ఆవిడ వచ్చేసరికి గేటు తెరిచి ఉండాలి.

ఆ గేటు తీసే పని మావగారు సుబ్బారాయుడుది. ఆయన ఒకప్పుడు మొక్కలకి అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన కట్టిన అంటు బతకకపోవడమన్నది లేదని చుట్టుపక్కల చెప్పుకునేవారు. నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. దాంతో కత్తి పోయింది, తోట పోయింది, సైకిలు పోయింది. గేటు తీసే పని ఒక్కటే మిగిలింది.

కళ్లు లేని మనిషికి కోడలు వచ్చినట్టు ఎలా తెలిసేది? వాళ్ల ఇంటి ముందు నుంచి పగలంతా బళ్లు పోతూనే ఉండేవి. బండి చప్పుడు ఏ బండిదైనా ఒకటే. కానీ తాయారు స్కూటర్‌కి ఇండికేటర్ వేస్తే బజర్ మోగేది. ఒక వానాకాలం దాంట్లోకి నీళ్లు పోయాయి. అప్పట్నించీ అది రెండు కూతలు కూసి మూడోది మింగేసేది. కుయ్, కుయ్... కాసేపాగి మళ్లీ కుయ్, కుయ్... తాయారు సందు మలుపులో ఇండికేటర్ వెయ్యగానే సుబ్బారాయుడు వరండాలో కుర్చీలోంచి లేచేవాడు. గోడ పట్టుకుని నడిచి, గడియ తీసి, గేటు బార్లా తెరిచి పక్కన నిలబడేవాడు. తాయారు ఆగకుండా జుయ్యిమని లోపలికి వచ్చేసేది.

"గేటు తీసింది ఎవరండీ?" అనేది నవ్వుతూ.

"ఇంటి యజమాని!" అనేవాడు ఆయన దర్జాగా.

ఆ ఒక్క మాట అనడం కోసం ఆయన మధ్యాహ్నం నుంచే కుర్చీలో కూర్చునేవాడు. ఏ చప్పుడు విని లేస్తున్నాడో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

ఒక సాయంత్రం తాయారు వణుకుతూ ఇంటికి వచ్చింది.

"హైవే మీద లారీ మీదికి వచ్చేసిందండీ. నేను ఇండికేటర్ వేశాను. ఎండలో అది వాడికి కనబడితేగా! ఆ బల్బులు మిణుగురు పురుగులకన్నా కనాకష్టం" అంది.

వీరభద్రం గుండె ఝల్లుమంది. వచ్చిన ఆదివారం తాయారు గుడికి వెళ్లగానే స్కూటర్ ముందు చతికిలబడ్డాడు. ఇండికేటర్ల అద్దాలు విప్పాడు. పాత బల్బులు పీకి, కొత్త ఎల్‌ఈడీ బల్బులు పెట్టాడు. మీట నొక్కాడు. అబ్బ, ఏం వెలుగు! పట్టపగలు కూడా కళ్లు జిగేల్‌మన్నాయి. కానీ అవి వెలిగి ఆరడం మాత్రం టకటకటకమని ఒకటే పరుగు. బజర్ కూడా వాటితో పాటే గుక్క తిప్పుకోకుండా అరిచింది.

"ఏంట్రా అది? బండికి ఆయాసం వచ్చిందా?" అన్నాడు వరండాలోంచి సుబ్బారాయుడు.

"ఏం లేదు నాన్నా, నువ్వు కూర్చో" అని వీరభద్రం బండి తోసుకుంటూ మెకానిక్ చంటి దగ్గరికి వెళ్లాడు.

చంటి చూసి నవ్వాడు. "ఎల్‌ఈడీలు కరెంటు బాగా తక్కువ తాగుతాయండి. లైటుని వెలిగించి ఆర్పే పాత రిలే లోపలుంది కదా, అది బల్బు మాడిపోయిందేమో అనుకుని కంగారు పడుతోంది. కొత్త రిలే వేస్తే సరిపోద్ది. కాకపోతే మీ బజర్ మోగదండి. దానికి వేరే వైరు లాగాలి. లాగమంటారా?"

"ఆ గోలెందుకు? పీకి పారెయ్! మా ఆవిడ చెవులు చిల్లులు పడుతున్నాయి పాపం."

"ఇంట్లో ఒక మాట అడిగి చెప్పండి."

"అడిగితే వద్దంటారయ్యా!" అన్నాడు వీరభద్రం. ఊడదీసిన బజర్‌ని ఇంటికి తెచ్చి, మేకులూ స్క్రూలూ వేసుకునే డబ్బాలో పడేశాడు.

తాయారు కొత్త వెలుగు చూసి మురిసిపోయింది. లారీలు దూరం నుంచే చూసి తగ్గుతున్నాయి. ఒక్కటే చిక్కు. చప్పుడు లేదు కాబట్టి మలుపు తిరిగాక ఇండికేటర్ ఆపడం మరిచిపోయేది. ఒక ముసలాయన సైకిలు తొక్కుతూ వెనకాలే వచ్చి, "అమ్మా, వంతెన దగ్గర్నించీ ఎడం పక్కకి తిరుగుతానంటున్నావు, తిరగవేంటి తల్లీ?" అని విసుక్కున్నాడు. తాయారు నాలుక కరుచుకుంది.

కానీ అసలు కష్టం గేటు దగ్గర వచ్చింది. ఆ మొదటి సాయంత్రం గేటు తెరుచుకోలేదు. తాయారు ఏటవాలు మీద బండి ఆపి, ఒక చేత్తో బ్రేకు పట్టుకుని, రెండో చేత్తో గడియ కోసం తంటాలు పడింది. సంచి జారి మొక్కలు దొర్లాయి. ఆ చప్పుడుకి సుబ్బారాయుడు ఉలిక్కిపడి లేచాడు.

"వచ్చేశావా అమ్మాయ్? వినపళ్లేదే!"

"పర్లేదు మావయ్యగారూ, కునుకు పట్టినట్టుంది" అంది తాయారు.

ఆయనకు కునుకు పట్టలేదు. చెవులు రిక్కించుకునే కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆయన గుండెలో రాయి పడింది. చెవుడు వచ్చేటప్పుడు సన్నటి చప్పుళ్లు ముందు పోతాయని ఎవరో అనగా విన్నాడు. కళ్లు కూడా ఇలాగే పోయాయి కదా! ముందు చూపు అంచులు పోయాయి, తర్వాత ఎదుటి మనుషులే కనబడకుండా పోయారు. ఇప్పుడు చెవుల వంతు వచ్చిందనుకున్నాడు. కోడల్ని అడుగుదామంటే, "మోగింది కదండీ" అంటుందేమోనని భయం. అందుకని ఎవరికీ చెప్పలేదు.

చెప్పకుండా ఇంకా గట్టిగా విన్నాడు. ఏ బండి వచ్చినా లేచి గేటు తీశాడు. పాలవాడి బండికి తీశాడు. గ్యాసు బండికి తీశాడు. "ఏం తాతా, మమ్మల్ని భోజనానికి పిలుస్తున్నావా?" అని వీధిలో కుర్రాళ్లు నవ్వారు. ఒకరోజు ఎవరిదో స్కూటర్‌కి గేటు తీశాడు. స్కూటర్ వెళ్లిపోయింది, మేకలు లోపలికి వచ్చాయి. తాయారు అంట్లు కట్టుకున్న గులాబీలన్నీ మొదలంటా మేసేశాయి.

"పోనీలెండి, మొక్కలు మళ్లీ వస్తాయి" అంది తాయారు. ఆయన మాత్రం వంగి, ఆ మోడుల్ని వేళ్లతో ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు.

అది చూసి వీరభద్రం ప్రాణం ఉసూరుమంది. తండ్రి మీద జాలి పొంగింది. జాలి పొంగితే ఆయనేం చేస్తాడో మీకు తెలుసుగా! చంకలో పనిముట్లు పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. గడియ ఊడదీసేశాడు. స్ప్రింగులు బిగించాడు. ఇక ముందు చక్రంతో తోస్తే గేటు తెరుచుకుంటుంది, దానంతటదే మూసుకుంటుంది.

"ఇక నువ్వు లేవక్కర్లేదు నాన్నా. హాయిగా కూర్చో!"

"మంచిదేరా" అన్నాడు సుబ్బారాయుడు.

మర్నాడు ఆయన వరండాలోకి రాలేదు. లోపల మంచం మీదే గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే రెండు ముద్దలు తినేవాడు, అంతే. డాక్టరు చూసి ఒంట్లో ఏమీ లేదన్నాడు. వీరభద్రం కంగారుపడి ఒక రేడియో కొనుక్కొచ్చాడు. తండ్రి హుషారుగా ఉండాలని బాగా పెద్దగా పెట్టాడు.

'అంత పెద్దగా పెట్టాడంటే, వీడికి నా చెవుల సంగతి తెలిసిపోయిందన్నమాట' అనుకున్నాడు సుబ్బారాయుడు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

అప్పుడు వీరభద్రం, మెత్తటి పరుపు కొందామా, కూలర్ కొందామా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. తాయారుకి ఇక ఓపిక నశించింది.

"ఏవండీ! ఆయనకి ఏం కావాలో ఆయన్నే అడగొచ్చు కదా!"

"అడిగితే..." అని ఆగిపోయాడు వీరభద్రం. అడిగితే ఏమవుతుందో ఆయనకు నిజంగా తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

వెళ్లి రేడియో ఆపాడు. మంచం పట్టె మీద కూర్చున్నాడు. తండ్రి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"నాన్నా, నీకేం కావాలి?"

సుబ్బారాయుడు గోడవైపు నుంచి ఇటు తిరిగి మెల్లగా అన్నాడు.

"నాకేం వద్దురా. చెవులు పోతున్నాయి. అమ్మాయి బండి కూత వినపడ్డం మానేసింది. ఆ కూత వింటే లేచి గేటు తీసేవాణ్ణి. ఇంట్లో నాకూ ఒక పనుందిలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు కూతా లేదు, గేటూ లేదు. ఇక ఈ చీకట్లో చప్పుడు కూడా లేకపోతే ఎలా బతకాలా అని భయమేస్తోందిరా భద్రం."

వీరభద్రానికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నాన్నా, నీ చెవులు పోలేదు! ఆ బజర్ నేనే పీకేశాను!"

"ఏంటీ?"

"కొత్త బల్బులు పెట్టినప్పుడు పీకించేశాను నాన్నా. ఇదిగో, మేకుల డబ్బాలో ఉంది."

సుబ్బారాయుడు లేచి కూర్చున్నాడు. "నిజంగానా? నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"ఓరి నీ మేలు తగలెయ్య!" అని ఆయన కొడుకు వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ తర్వాత ఆ చేత్తోనే కొడుకు కళ్లు తుడిచాడు. తన కళ్లు తుడుచుకోవడం మరిచిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున్నే ఆ కొత్త బల్బులన్నీ తీసేసి, పాతవి పెట్టించేస్తాను" అంటూ వీరభద్రం లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి, "పెట్టించనా నాన్నా?" అని అడిగాడు.

"వద్దురా! ఆ వెలుగు ఉండబట్టే కదా అమ్మాయి క్షేమంగా ఇంటికొస్తోంది! వెలుగు దానికి ఉంచు. కూత నాకియ్యి. ఆ స్ప్రింగులు మాత్రం ఊడబీకు."

చంటి మర్నాడే వేరే వైరు లాగాడు. "కొత్త బజర్ వేస్తానండి, ఇది సగం చచ్చింది" అన్నాడు. "వద్దయ్యా, ఆ సగం చచ్చిందే కావాలి" అన్నాడు వీరభద్రం. గేటుకి పాత గడియ బిగించేటప్పుడు, అది చేతికి ఏ ఎత్తున అందాలో తండ్రిని పిలిచి అడిగాడు.

ఆ సాయంత్రం సుబ్బారాయుడు ఉతికిన పంచె కట్టుకుని వరండాలో కూర్చున్నాడు. పాలవాడి బండి పోయింది. ఆయన కదల్లేదు. ఇంకేదో స్కూటర్ పోయింది. కదల్లేదు. అప్పుడు సందు మలుపులోంచి వినిపించింది. కుయ్, కుయ్... మూడోది మింగేసింది.

ఆయన లేచాడు. గోడ పట్టుకుని నడిచాడు. వీరభద్రం చెయ్యి అలవాటు కొద్దీ గడియ మీదికి పోయింది. గబుక్కున వెనక్కి తీసుకుని, "నేను తియ్యనా నాన్నా?" అన్నాడు.

"నువ్వు పక్కకి జరుగు!" అన్నాడు సుబ్బారాయుడు.

వీరభద్రం చేతులు వెనక్కి కట్టుకుని పక్కకి జరిగాడు. గేటు బార్లా తెరుచుకుంది. తాయారు ఆగకుండా జుయ్యిమని లోపలికి వచ్చేసింది. కాళ్ల దగ్గర సంచిలో కొత్త గులాబీ మొక్కలు ఊగుతున్నాయి.

"గేటు తీసింది ఎవరండీ?"

"ఇంకెవరు? ఇంటి యజమాని!" అన్నాడు ఆయన. ఆ గొంతు వీధి చివరిదాకా వినబడింది.

ఎంత ప్రేమతో చేసే మేలైనా, ఎవరికోసం చేస్తున్నామో వారిని ముందు ఒక్క మాట అడగాలి. అడగకుండా చేసిన మేలు, వారికి మిగిలిన ఒక్క సంతోషాన్ని కూడా పట్టుకుపోవచ్చు.